సంధ్య మేడం పప్పు

శాంసన్ ఫోను టింగుమన్నప్పుడు లూదియా నోట్లో కారం దోశ ముక్క ఉంది. గురువారం సాయంత్రం, నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర దోశబండి. ఇద్దరికీ కలిపి ఒకటే ప్లేటు. రెండు ప్లేట్లు చెప్పుకోలేక కాదు, ఒకే ప్లేటులో తింటే రుచి వేరని పెళ్లయిన మొదటి వారంలోనే కనిపెట్టారు.

శాంసన్ ఎడంచేత్తో ఫోను తీసి చూశాడు. చూసినవాడు చూసినట్టే అరిచాడు.

"లూదీ! ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది మే! నంద్యాలకే వేసినారు!"

బండి చుట్టూ నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. దోశలు పోసే మనిషి గరిటె పైకెత్తి అలాగే ఆగిపోయాడు.

"సోమవారం ఆళ్లగడ్డలో రిలీవు. మంగళవారం ఈడ జాయినింగు. ఇంగ పొద్దున్నే బస్సు లేదు, ఏం లేదు!"

లూదియా ఎగిరి గంతేయబోయి, చేతిలో ప్లేటు ఉన్న సంగతి గుర్తొచ్చి మునివేళ్ల మీద రెండుసార్లు లేచి దిగింది. పెళ్లయి రెండు నెలలు. సెలవులు పోగా దాదాపు నలభై కారియర్లు కట్టింది ఆమె. రోజూ ఏడున్నరకు శాంసన్ బస్సెక్కాలి. ఆళ్లగడ్డలో మట్టి పరీక్షల ల్యాబు. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిలో ఉప్పెంతో చౌడెంతో తేల్చి, సాయంత్రం ఆరు దాటాక దుమ్ము తల నిండా వేసుకుని తిరిగొస్తాడు. ఇక నూనెపల్లెలో ఇంటి నుంచి ఆఫీసుకు బండి మీద పదే పది నిమిషాలు. ఈ మాట తలుచుకుంటుంటేనే నోట్లోని కారం తియ్యగా ఉంది.

శాంసన్ దోశ అంచు, బాగా కరకరలాడే ముక్క, తుంచి ఆమె నోటికిచ్చాడు. అది రోజూ ఆమె వాటా. తర్వాత తనో ముక్క నమిలి, నిట్టూర్చాడు.

"అంతా బాగుండాది గానీ, సంధ్య మేడం పప్పొక్కటే పోతాది."

అంతే. లూదియా నోట్లో కారం ఉన్నట్టుండి భగ్గుమంది.

"నీళ్లు," అంది.

"కారమా? రోజూ తినేదే గదా?"

"ఈపొద్దు ఎక్కువేసినాడు."

పాపం, దోశలు పోసే మనిషి ఆ మాట విని, రోజూ వేసేంతే వేశానని దేవుడి మీద ఒట్టు వేసుకున్నాడు.

శాంసన్‌తో పాటు ల్యాబులో పనిచేసే సంధ్య మేడాన్ని లూదియా ఒక్కసారే చూసింది, పెళ్లి రిసెప్షనులో. స్టేజీ ఎక్కి, గిఫ్టు చేతికిచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లుంటాయేమో. నెమలికంఠం రంగు చీర, ఒత్తయిన జడ, నవ్వితే ఎడమ చెంప మీద మాత్రమే సొట్ట. రెండు చెంపల మీద పడే సొట్టలకన్నా ఒక్క చెంప మీద పడేది ప్రమాదమని లూదియాకు అప్పుడు తెలియదు. ఆల్బమ్ వచ్చాక తెలిసింది. ఆ ఫొటో ఉన్న పేజీని ఆమె త్వరత్వరగా తిప్పేస్తుంది. తిప్పేసి, మళ్లీ వెనక్కి వచ్చి చూస్తుంది.

పెళ్లయ్యాక కారియర్ కట్టిన మొదటి వారం అంతా పండగే. సాయంత్రం శాంసన్ ఇల్లు చేరగానే లూదియా కారియర్ లాక్కుని మూతలు తీసేది. అన్నం గిన్నె ఖాళీ. కూర గిన్నె, కడగక్కర్లేనంత ఖాళీ. ఆ ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగింది. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా అలా తిరగలేదు.

రెండో వారంలో మొదలైంది.

"ఈపొద్దు సంధ్య మేడం బీరకాయ పప్పు తెచ్చింది మే."

శాంసన్ ఈ మాట ఏ పాపమూ ఎరగని మొహంతో చెప్పాడు. అతను అన్నీ చెబుతాడు. చాగలమర్రి నుంచి వచ్చిన మట్టి ఏ రంగులో ఉందో, బస్సులో పక్కన కూర్చున్నాయన ఎందుకు గురక పెట్టాడో అన్నీ. ఆ వరసలోనే పప్పు కూడా.

"నా ఆలుగడ్డ వేపుడు?" అని లూదియా అడిగింది.

"గిన్నె చూడు! ఒక్క ముక్కన్నా ఉండాదా?"

లేదు నిజమే. కానీ వేపుడికి ఖాళీ గిన్నె, పప్పుకేమో పేరు పెట్టి తలుచుకోవడం. తర్వాత పొట్లకాయ పప్పు వచ్చింది. తర్వాత సొరకాయ పప్పు. ఒకరోజు బస్సు దిగి ఇంట్లోకి అడుగు పెడుతూనే, "ఈపొద్దు మేడం ఉత్త పప్పే తెచ్చింది, అయినా ఎంత బాగుండాదో!" అన్నాడు. లూదియా ఆ రోజు గోంగూర మాంసం పంపింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వండింది. గోంగూర మాంసాన్ని ఉత్త పప్పు ఓడించిందంటే ఏ ఆడపిల్ల ఓర్చుకుంటుంది?

పాణ్యంలో ఉన్న వాళ్లమ్మకు ఫోను చేసింది.

"మా, పప్పులో ఏమేస్తే మగోళ్లు మర్చిపోకుండా ఉంటారు?"

"ఉప్పెయ్యకుండా ఉండు," అంది వాళ్లమ్మ. "జన్మలో మర్చిపోరు."

ఇలా లాభం లేదని లూదియా పంతం పట్టింది. సోమవారం ఉల్లికారం పెట్టిన కాకరకాయ, మంగళవారం నాటుకోడి, బుధవారం చింతచిగురు రొయ్యలు. కొత్త కాపురం, చిన్న గిన్నెలు. చేసిందంతా కారియర్‌కే సరిపోయేది. మధ్యాహ్నం తాను మాత్రం పల్లీలు వేయించి దంచిన చెనిక్కాయల పొడి కలుపుకుని తినేది. సాయంత్రం మళ్లీ వండబోతే శాంసన్ ఒప్పుకునేవాడు కాదు. "పొద్దున్నే అంత చేస్తివి. మళ్ల పొయ్యికాడికి పోయేదేందీ? దా పోదాం" అని బండి బయటికి తీసేవాడు. ఒకరోజు దోశ, ఒకరోజు మిరపకాయ బజ్జీలు, ఒకరోజు ఇడ్లీ మీద నెయ్యి వేసి కారంపొడి. ఆఖరు బజ్జీ ఎవరు తినాలన్నది రోజూ చిన్న కొట్లాట. రోజూ ఆమే గెలిచేది. ఆదివారం చర్చి అయ్యాక అయితే పాణ్యంలో అమ్మ చేతివంట, లేకపోతే హోటల్లో భోజనం.

ఆ సాయంత్రాలంటే లూదియాకు ప్రాణం. అందుకే మధ్యాహ్నాలంటే మంట. సాయంత్రం తనతో ఒకే ప్లేటులో తినే మనిషి, మధ్యాహ్నం ఒంటిగంటకు నలభై ఐదు కిలోమీటర్ల అవతల ఇంకొకామె గిన్నెలోంచి వడ్డించుకుంటున్నాడు. దాన్ని తలుచుకుంటే చెనిక్కాయల పొడి కూడా గొంతు దిగేది కాదు.

దోశబండి నుంచి ఇంటికొచ్చాక, కింది వాటాలో ఉండే ఇంటామె ఉమామహేశ్వరమ్మ మెట్ల మీద కూర్చుని కరివేపాకు దూస్తూ ఆపింది.

"ఏమ్మే లూదియా, మీ ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చిందంట గదా? తీపి తేకుండా ఆ మొగమేందీ?"

శాంసన్ పైకి వెళ్లేదాకా ఆగి, లూదియా మొత్తం చెప్పేసింది. ఉమామహేశ్వరమ్మ కరివేపాకు పక్కన పెట్టి మరీ విన్నది.

"పిచ్చిదానా! ఆడది అందంగా ఉంటే భయపడల్ల గానీ, పప్పుకు భయపడేదేందీ?"

"ఆమె అందంగానే ఉండాది పెద్దమ్మా."

ఉమామహేశ్వరమ్మ మళ్లీ కరివేపాకు అందుకుంది.

"అట్లయితే పప్పుకు గూడా భయపడల్ల," అని దూయడం మొదలుపెట్టింది.

ఆదివారం చర్చి నుంచి నేరుగా శ్రీనివాస సెంటర్ దగ్గర హోటలుకు వెళ్లారు. ట్రాన్స్‌ఫర్ సంబరం. అరిటాకులు, పొగలు కక్కే అన్నం, నాలుగు రకాల కూరలు, చిన్న గిన్నెల్లో నెయ్యి. మామూలు రోజైతే లూదియా అరిటాకు మీద నీళ్లు చల్లడం దగ్గర్నుంచీ సంతోషపడుతుంది. ఆ రోజు కూడా పడబోయింది. శాంసన్ పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా.

"ఇది పప్పా?" అన్నాడు. "ఊర్లో ఉండే మిరపకాయలన్నీ దీంట్లోనే పోసినట్టుండారు. సంధ్య మేడం పప్పయితే నెయ్యి గూడా అడగదు."

లూదియా కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

ఎప్పటిలాగే శాంసన్ తన అప్పడం తీసి ఆమె ఆకు వైపు జరిపాడు. ఆమె తీసుకోలేదు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ అప్పడం రెండు ఆకుల మధ్య బల్ల మీదే ఉండిపోయింది. ఉండి ఉండి మెత్తబడింది.

"రేపు నేనూ వస్తా ఆళ్లగడ్డకు," అంది లూదియా.

"నువ్వా? ఎందుకు మే?"

"నీ ఆఫీసోళ్లు రెండు నెలల్నించీ నిన్ను చూసుకున్నారు గదా. ఒకసారి చేతులెత్తి దండం పెట్టొద్దూ?"

శాంసన్ మొహం వెలిగిపోయింది. "సంజీవయ్య సారు ఎంత సంతోషపడతాడో!" అన్నాడు. ఆమె దండంలో ఏముందో మట్టిలో ఉప్పు కనిపెట్టే మనిషికి అందలేదు.

ఆమె అనుకున్నది ఒకటే. ఆ పప్పు రుచి చూడాలి. ఆ పప్పు పక్కన తన కూర పెట్టి, శాంసన్ చెయ్యి ముందు ఏ గిన్నె వైపు పోతుందో కళ్లారా చూడాలి. తన వైపు వస్తే సరి. రాకపోతే ఏం చేయాలో ఆమె ఆలోచించుకోలేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వంకాయలు ఏరుకోవడంలో పడింది.

సోమవారం పొద్దున నూనె వంకాయ. వేయించిన చెనిక్కాయలు, నువ్వులు, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, చింతపండు నూరి, లేత వంకాయలను నాలుగు చీలికలు చేసి కూరి, నూనెలో సన్నటి సెగ మీద మగ్గబెట్టింది. పదమూడు వంకాయలు. ఒకటి తిప్పుతుంటే చితికిపోయింది. చితికినదాన్ని బయటివాళ్ల ముందు పెట్టడమేంటని బాణలిలోనే వదిలేసి మూత పెట్టింది. పన్నెండూ కారియర్‌లోకి సర్దింది. గిన్నె మూత పెట్టేముందు ఒకసారి చూసుకుని, "పో, గెలిచి రా" అని వాటికి చెప్పింది.

బస్సులో కారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శిరివెళ్ల దాటేసరికి బస్సంతా వంకాయ వాసన. ముందు సీట్లో ముసలాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "ఎవురింట్లో పెండ్లి?" అని అడిగాడు.

ల్యాబు చిన్నదే. గోడ వెంట ఊరి పేర్లు రాసిన మట్టి సంచులు, పక్క సందులో శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు, మధ్యలో పొడుగాటి బల్ల. ఆఫీసరు సంజీవయ్య, రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్దమనిషి, గుమ్మం దాకా ఎదురొచ్చాడు. ఊళ్లు తిరిగి మట్టి తెచ్చే మద్దిలేటి, గాజు గొట్టాలు కడిగే కమలాక్షమ్మ వంగి వంగి కారియర్ వైపు చూశారు. వాళ్ల వెనక సంధ్య మేడం. ఈసారి పాలపిట్ట రంగు చీర.

"రా లూదియా," అని నవ్వింది. సొట్ట దగ్గర్నుంచి చూస్తే ఇంకా లోతుగా ఉంది.

ఒంటిగంటకు బల్ల మీద పాత పేపర్లు పరిచారు. అయిదు కారియర్లు విప్పారు. లూదియాను సంధ్య మేడం పక్కనే కూర్చోబెట్టారు. శాంసన్ బల్ల ఆ చివర.

"కొత్త పెండ్లికొడుకు గిన్నె ముందర సారుకాడికి!" అని మద్దిలేటి కేకేశాడు.

లూదియాకు అర్థం కాలేదు. మద్దిలేటే చెప్పాడు. "ఇది మా ఆఫీసు పద్ధతిమ్మా. ఎవురి గిన్నె వాళ్లు ముట్టగూడదు. సారుతో మొదలుపెట్టి చుట్టూ తిరగల్ల. తెచ్చినోళ్లకాడికి ఆఖర్న రావల్ల. మిగిలింటే వాళ్లది."

సంజీవయ్య మూడు వంకాయలు వేసుకున్నాడు. "ఈ అమ్మాయి చేతిలో ఏదో ఉండాదప్పా," అని కళ్లు మూసుకున్నాడు. మద్దిలేటి మూడు. కమలాక్షమ్మ రెండు తన కంచంలో వేసుకుని, ఒకటి మూతలో పెట్టి, "మా కోడలికి రుచి సూపియ్యల్ల" అంది. సంధ్య మేడం మూడు. లూదియా దగ్గరికి వచ్చేసరికి గిన్నెలో వంకాయల్లేవు. ఆమె ముందే, "నేను చేసిందే గదా, మీరు తినండి" అని గొప్పగా చెప్పేసింది. గిన్నె శాంసన్ దగ్గరికి చేరింది.

అందులో నూనె ఉంది. ఒక తొడిమ ఉంది.

శాంసన్ గుప్పెడు అన్నం ఆ గిన్నెలో వేసి, చుట్టూ తిప్పి, అంటుకున్నదంతా తుడిచి, ఆ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గిన్నె మెరిసిపోయింది. రోజూ సాయంత్రం ఆమె పట్టుకుని తిరిగే ఖాళీ గిన్నె అదే.

ఈలోగా ఇంకో గిన్నె బల్లంతా తిరుగుతోంది. బీరకాయ పప్పు. సంజీవయ్య దాన్ని చూడకుండానే పక్కకు జరిపాడు. మద్దిలేటి జరిపాడు. కమలాక్షమ్మ మొహమాటానికి అర గరిటె వేసుకుంది. నిండు గిన్నె నిండుగానే శాంసన్ ముందుకొచ్చింది. అతను దాన్ని అన్నం మీద దిమ్మరించుకుని, కలుపుకుని, తలవంచుకుని తినడం మొదలుపెట్టాడు.

"రోజూ ఇంతేనా?" అని లూదియా అడిగింది.

"ఈపొద్దు నయంమ్మా," అన్నాడు మద్దిలేటి. "గిన్నెలో నూనన్నా మిగిలింది. నాటుకోడి తెచ్చిన దినం సారు గిన్నె ఎత్తి పులుసు తాగినాడు."

"ఏయ్, గమ్మునుండ్రా!" అన్నాడు సంజీవయ్య, నవ్వుతూ.

అందరూ నవ్వారు. శాంసన్ కూడా నవ్వాడు, దొంగతనం చేయకపోయినా పట్టుబడ్డవాడిలా. లూదియా కూడా నవ్వింది. ఆమె కళ్ల ముందు నలభై కారియర్లు వరసగా నిలబడ్డాయి. గోంగూర మాంసం, నాటుకోడి, చింతచిగురు రొయ్యలు. ఎంత బాగా వండితే అంత త్వరగా అయిపోయేవి. ఎంత త్వరగా అయిపోతే శాంసన్‌కు అంత పప్పు మిగిలేది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చేతులు కాల్చుకుని, మొగుణ్ని ఇంకొకామె పప్పు గిన్నె వైపు నెట్టింది తనే.

గరిటెలో కొంచెం మిగిలిన పప్పు ఆమె నాలుక మీద వేసుకుంది. చప్పగా ఉంది. ఉప్పు సరిపోయింది, పసుపు తెలుస్తోంది, బీరకాయ తీపి ఉంది. అంతే.

అందరూ తిన్నాక పెరట్లో కుళాయి దగ్గర సంధ్య మేడం, లూదియా పక్కపక్కన నిలబడి గిన్నెలు కడిగారు.

"ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు," అంది సంధ్య మేడం. "నువ్వంటే నాకు శానా కుళ్లుగా ఉన్నింది."

లూదియా చేతిలో గిన్నె జారి సిమెంటు మీద ఠంగున మోగింది.

"నేనంటేనా? మీకా?"

"ఇంగేం మరి! రెండు నెలల్నించీ ఈ ఆఫీసులో ఒకటే భజన. శాంసన్ పెండ్లాం కూర, శాంసన్ పెండ్లాం చెయ్యి. నేను ఆరేండ్లయింది ఈడికొచ్చి. ఒక్కరోజు గూడా నా గిన్నె మూత తీసి ఆహా అన్నోళ్లు లేరు. మా పాపకు నాలుగేండ్లు. కారం పడదు. పొద్దున్నే రెండు పప్పులు యాడ చేసేది? పాపకు చేసిందే ఆఫీసుకు. ఇంతకుముందు నిండు గిన్నె అట్లనే ఇంటికి తీసకపోయి మా బర్రెకు పోస్తాంటి."

"బర్రెకా?"

"ఊఁ. శాంసన్‌కు పెండ్లయినాక మా బర్రెకు పప్పు లేకుండా పోయింది."

లూదియాకు నవ్వాగలేదు. రెండు నెలలు తాను పోటీపడింది బర్రె వాటాతో. నవ్వుతూ నవ్వుతూ పక్కకు చూస్తే సంధ్య మేడం చెంప మీద ఆ సొట్ట. అది అలాగే ఉంది, ఏం తగ్గలేదు. లూదియా లోపల మంట కూడా పూర్తిగా ఆరిపోలేదు. ఎందుకంటే అసలు ప్రశ్న అలాగే ఉంది. మిగిలింది కాబట్టి తిన్నాడు, సరే. పోతోందని నిట్టూర్చిందెందుకు?

"అక్కా," అంది. పిలుపు అదే మారిపోయింది. "ఆ పప్పు ఎట్ల చేస్తావ్?"

"దాంట్లో ఏముంది చేసేకి? కందిపప్పు, బీరకాయ, పసుపు. పచ్చిమిరపకాయ ఒకటే, అదీ చీల్చకుండా. తిరగవాతలో వెల్లుల్లి రెండు రెబ్బలు. ఎందుకు, బర్రెను గాని కొన్యారా?"

తిరుగు బస్సులో శాంసన్ మెడలో దండ, చేతిలో వీడ్కోలు శాలువా. లూదియా ఒళ్లో ఖాళీ కారియర్. పొలిమేర దాటేదాకా ఓపిక పట్టి అడిగింది.

"మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చినా. నువ్వు గిన్నె మూత తీసి, ఖాళీగా ఉండాదని అట్ల గిరగిరా తిరిగితివి. ఆ మొగం చూసినాక ఎట్ల చెప్పేది? మరుసటి రోజూ అంతే. ఆపైన చెప్పేకి సిగ్గయింది."

"ఒక్క ముక్కన్నా దాచిపెట్టుకోవచ్చు గదా!"

"పద్ధతి మే. పైగా అందరూ నీ కూర అట్ల పొగుడుతాంటే, నాకు తినకుండానే కడుపు నిండుతాండె."

లూదియా కిటికీలోంచి పత్తి చేల వైపు చూసింది. కళ్లు చెమర్చాయి. అయినా వదల్లేదు.

"సంధ్యక్క పప్పు నిజంగా బాగుంటాదా?"

శాంసన్ అబద్ధం ఆడలేడు. అది అతనిలో ఆమెకు బాగా నచ్చిన గుణం, ఆ క్షణంలో అసలు నచ్చని గుణం.

"మొదట్లో చప్పగుండె. వారం పోయినాక అలవాటైంది. ఇప్పుడు మధ్యాహ్నమైతే నాలుక దాన్నే అడుగుతాది," అని, ఆమె మొహం చూసి, "నీ వంట నేను తింటే గదా మే, ఏది బాగుండేదీ చెప్పేకి!" అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుగుంది. శాంసన్ అలవాటు కొద్దీ బండి తాళం తీశాడు, దోశకు పోదామని. లూదియా తాళం లాక్కుని గూట్లో పెట్టింది. బాణలి మూత తీసింది. చితికిన వంకాయ అడుగున ఉంది, చుట్టూ గడ్డకట్టిన మసాలా. సన్నటి సెగ మీద వెచ్చజేసి, వేడన్నం పెట్టి, అతని ముందుంచింది. తాను ఎదురుగా కూర్చుంది. పేపర్లో పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూసింది.

శాంసన్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే రెండోది. వంకాయ తొడిమ దాకా చీకి, అన్నంలో మసాలా పట్టని మెతుకు లేకుండా కలిపి, కంచం అంచు వేలితో తుడిచి, తలెత్తాడు.

"నలభై దినాలు మే," అన్నాడు. "నలభై దినాలు సంజీవయ్య సారు నా గొంతు కోసినాడు."

లూదియా ఈసారి గిరగిరా తిరగలేదు. కదలకుండా కూర్చుని, ఖాళీ కంచం వైపు చూస్తూ ఉండిపోయింది. ఖాళీ గిన్నెకూ ఖాళీ కంచానికీ ఎంత తేడా ఉందో ఇన్నాళ్లూ తెలియనే లేదు. తెలిసిన మరుక్షణం, ఆ పన్నెండు వంకాయలు తిన్న నలుగురి మీదా ఒళ్లు మండుకొచ్చింది. సంధ్యక్క మీద కాస్త ఎక్కువ. ఆమె మూడు తిన్నది.

అంతలో శాంసన్ ఫోను మోగింది. నంద్యాల ఆఫీసు నుంచి అజయ్ కుమార్ అట, రేపటి నుంచి పక్క సీటు. శాంసన్ ఎంగిలి చెయ్యి కావడంతో స్పీకర్లో పెట్టాడు.

"ఏమప్పా శాంసన్, సంజీవయ్య సారు ఇప్పుడే ఫోన్ చేసినాడు. నీ పనితనం సంగతి తర్వాత, ముందర నీ కారియర్ సంగతి చెప్పినాడు. ఈడ మేము ఎనిమిది మందిమి ఉండాం. అందరం కలిసే తింటాం. రేపు రొంత పెద్ద గిన్నె తీసుకరా అన్నా!"

ఫోను పెట్టేసి శాంసన్ బిక్కమొహం వేశాడు. లూదియా మాత్రం నవ్వుతోంది. లేచి, కందిపప్పు డబ్బా కిందికి దించింది.

"రేపు నీ కారియర్లో బీరకాయ పప్పు. పచ్చిమిరపకాయ ఒకటే, అదీ చీల్చకుండా."

శాంసన్ ఎంగిలి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మే, అది ఎవురూ ముట్టరు! మొదటి దినమే పరువు పోతాది. శాంసన్ పెండ్లానికి వంట రాదంటారు."

"అననీ. ఎనిమిది మందీ అనుకోనీ. గిన్నె తిరిగి తిరిగి నిండుగా నీకాడికే వస్తాది. అదంతా నువ్వే తినల్ల, నా పప్పు." డబ్బా మూత తీసి గుప్పెడు కందిపప్పు పళ్లెంలో పోసి, రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. "ఇంగ రేపు సాయంత్రం దోశబండికి పోయేది లేదు. ఆఫీసు వదిల్తానే నేరుగా ఇంటికి రా. దావలో వంకాయలు తీసుకరా. లేతవి, పన్నెండు."

"పన్నెండా? మనం ఇద్దరమే గదా మే?"

"ఇద్దరికే," అంది లూదియా. "ఒకటే కంచం."